పగులు దగ్గరే పట్టాలి
రోడ్డు ఒక్క రోజులో పాడవదు. ముందు సన్నటి పగులు వస్తుంది. తొలకరి నీరు అందులోంచి దిగి కంకర కింది మట్టిని మెత్తబరుస్తుంది. పైనుంచి ఇసుక లారీలు వెళ్తే గుంత, నెల తిరిగేసరికి గొయ్యి. పగుల్లో వేళకు తారు పోసి, పక్క కాలువలో పూడిక తీస్తే సరిపోయేదానికి మళ్లీ మొత్తం రోడ్డే వేయాల్సి వస్తోంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మంచి నియమం ఉంది: రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు దాని బాగోగులు చూడాలి. ఆ తర్వాత భారం రాష్ట్రానిది. చిక్కంతా అక్కడే. కొత్త రోడ్డుకు దొరికే నిధులు మరమ్మతులకు దొరకవు. అలాగని జనం డబ్బు కట్టడం లేదా? ఆంధ్రప్రదేశ్‌లో 2020లో లీటరు పెట్రోలు, డీజిలుపై రూపాయి చొప్పున రోడ్డు అభివృద్ధి సెస్సు వేశారు. కేంద్రం వసూలు చేసే సెస్సు దానికి అదనం. అయినా నిరుడు వానల్లో మా ఊరి మలుపు దగ్గర గొయ్యిని ఆటోడ్రైవర్లే ఇటుక ముక్కలు తెచ్చి పూడ్చుకున్నారు. సెస్సులో నిర్వహణకు ఇంత వాటా అని చట్టంలోనే రాయాలి. ఏ రోడ్డుకు ఎంత ఖర్చు పెట్టారో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించాలి. పన్ను కట్టే మనం ఆ లెక్క అడిగి తీరాలి.