డిప్లొమా దగ్గరే ఆగిపోనక్కరలేదు

పదో తరగతి ఫలితాలు వెలువడిన నాటి నుంచి గోదావరి జిల్లాల పల్లెల్లో ఏ అరుగు మీద చూసినా ఒకటే చర్చ. పిల్లవాణ్ణి ఇంటర్‌లో చేర్చడమా, పాలిటెక్నిక్‌కు పంపడమా? రెండెకరాల రైతు సైతం అప్పో సప్పో చేసి పట్నంలో హాస్టలు వున్న ప్రైవేటు కాలేజీ వైపే మొగ్గు చూపుతున్నాడు. పాలిటెక్నిక్ అంటే మార్కులు రానివాడు పోయే చోటనీ, అందులో చేరితే ఇక ఇంజనీరు కావడం కల్ల అనీ గ్రామాల్లో ఒక అపోహ పాతుకుపోయింది. ఈ అపోహ మూలంగా నష్టపోతున్నది పల్లె పిల్లలే.

అసలు సంగతి వేరు. పాలిసెట్ రాసి సీటు తెచ్చుకున్న విద్యార్థి మూడేళ్లలో డిప్లొమా పూర్తి చేస్తాడు. ఆపైన ఈసెట్ అనే ప్రవేశ పరీక్షలో ర్యాంకు తెచ్చుకుంటే బి.టెక్. మొదటి సంవత్సరం చదవనక్కర లేకుండా నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. దీనినే లాటరల్ ఎంట్రీ అంటున్నారు. ఈ దారి ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ వున్నది.

ఆరేళ్ల లెక్క

తల్లిదండ్రులు వేళ్ల మీద లెక్క వేసుకోవలసిన విషయం ఒకటి వుంది. ఇంటర్ రెండేళ్లు, బి.టెక్. నాలుగేళ్లు, మొత్తం ఆరేళ్లు. డిప్లొమా మూడేళ్లు, బి.టెక్. మూడేళ్లు, ఇదీ ఆరేళ్లే. ఒక్క ఏడాది కూడా వృథా కాదు. పైగా రెండో దారిలో మూడేళ్లు గడిచేసరికి చేతిలో ఒక డిప్లొమా వుంటుంది. ఆ తర్వాత ఇంటి పరిస్థితులు తారుమారైనా, పంట పోయినా, తండ్రి మంచాన పడ్డా, ఆ కాగితంతో పిల్లవాడు నాలుగు రూపాయలు సంపాదించుకోగలడు. ఇంటర్‌తో చదువు ఆగిపోయినవాడికి ఆ ధీమా లేదు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు, ప్రైవేటు ఇంటర్ కాలేజీలు గుంజే ఫీజుతో పోలిస్తే ఏ పాటిది?

మెకానికల్ బ్రాంచి గురించి పల్లెవారికి వేరే చెప్పాలా? కోత మిషను బేరింగు పోతే మెకానిక్ కోసం రెండు రోజులు ఎదురుచూసిన రైతుకూ, రొయ్యల చెరువులో ఏరియేటర్ ఆగిపోయి రాత్రంతా జాగారం చేసినవాడికీ, రైస్ మిల్లులో పనిచేసే కూలీకీ యంత్రం విలువ తెలుసు. అటువంటి ఇంట పుట్టిన పిల్లవాడు యంత్రాన్ని బాగు చేయడంతో సరిపెట్టుకోకుండా, దాన్ని రూపొందించే స్థాయికి ఎదగాలని కోరుకుంటే తప్పేమున్నది?

డిప్లొమాతోనే రైల్వేలో జూనియర్ ఇంజనీరు పరీక్ష రాయవచ్చు. అది మంచి ఉద్యోగమే. కాని కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్షకు కూర్చోవాలంటే డిగ్రీ కావాలి. పై చదువుకు దారి చూపే గేట్ పరీక్షకూ డిప్లొమా ఒక్కటే చాలదు. "డిప్లొమా అయింది కదరా, ఇంకా చదువెందుకు, ఏదో ఫ్యాక్టరీలో చేరు" అనే పెద్దలు ఈ తేడా గమనించాలి.

కాకినాడలో ఆంధ్రా పాలిటెక్నిక్ 1946లో వెలిసింది. అదే ఏడాది విశాఖపట్నంలో మొదలై కాకినాడకు తరలివచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ 1972లో జె.ఎన్.టి.యు.లో భాగమై, 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది. రెండూ ఒకే పట్టణంలో వున్నాయి. మొదటిదాని గడప దాటి రెండోదానిలో అడుగు పెట్టవచ్చునని తెలియని తల్లిదండ్రులు చుట్టుపక్కల గ్రామాల్లో నేటికీ వుండడం విచారకరం.

లెక్కల దగ్గర తడబాటు

అయితే ఈ దారిలో ముళ్లు లేవని చెప్పడం మోసమే అవుతుంది. ఈసెట్ 200 మార్కుల పరీక్ష. ఇందులో 100 మార్కులు ఇంజనీరింగ్ సబ్జెక్టుకు, 50 లెక్కలకు, 25 భౌతికశాస్త్రానికి, 25 రసాయనశాస్త్రానికి. అంటే సగం మార్కులు బ్రాంచితో సంబంధం లేని పాఠాలకే పోతున్నాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీలను విద్యార్థి డిప్లొమా మొదటి ఏడాదిలో చదివి అటకెక్కించి వుంటాడు. చివరి ఏడాదిలో ఆరు నెలలు పారిశ్రామిక శిక్షణకు పోయినవాడికి పుస్తకం తెరిచే తీరికే చిక్కదు. పరీక్ష దగ్గర పడ్డాక దుమ్ము దులిపితే ప్రయోజనమేమిటి? మొదటి ఏడాది నోట్సును భద్రపరచుకుని, వారానికి ఒక పూటైనా తిరగవేసేవాడికే మంచి ర్యాంకు.

సీటు వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. డిప్లొమా విద్యార్థికి లేత్ మీద ఇనుప కడ్డీని ఎంత మేర చెక్కాలో చేతికి తెలుసు. డ్రాయింగులోనూ అతనిది పైచేయే. కాని అదే కడ్డీ ఎంత బరువుకు వంగుతుందో లెక్క కట్టి చూపమంటే తడబడతాడు. ఇంటర్ నుంచి వచ్చినవారు అప్పటికే బి.టెక్. మొదటి ఏడాది లెక్కలు ముగించి వుంటారు. కౌన్సెలింగ్ ఆలస్యమైన ఏడాది పరిస్థితి మరీ దారుణం. తరగతులు మొదలైన కొన్ని వారాలకు వచ్చి చేరిన విద్యార్థి, జరిగిపోయిన పాఠాలు ఎవరిని అడగాలో తెలియక వెనక బెంచీకి చేరుతాడు. పాలిటెక్నిక్‌లో తెలుగులో విడమరచి చెప్పిన మాస్టార్లు ఇక్కడ వుండకపోవచ్చు. ఇది తెలివి లేక వచ్చిన తంటా కాదు. ఒక నెల రోజులు ప్రత్యేక తరగతులు పెడితే తీరిపోయే లోటు.

సీటే ముఖ్యం కాదు

మరొక జాగ్రత్త కూడా అవసరం. నేడు అందరూ కంప్యూటర్ బ్రాంచీల వెంట పడుతున్నందున, చాలా ప్రైవేటు కాలేజీల్లో మెకానికల్ సీట్లు ఖాళీగా మిగులుతున్నాయి. కొన్ని కాలేజీలు ఆ సీట్లు తగ్గించుకున్నాయి కూడా. కనుక సీటు దొరకడం గొప్ప కాదు, ఏ కాలేజీలో దొరికిందన్నదే ముఖ్యం. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు తండ్రీ కొడుకులు ఒక పూట బస్సెక్కి వెళ్లి ఆ కాలేజీని కళ్లారా చూడడం మంచిది. వర్క్‌షాపులో యంత్రాలు తిరుగుతున్నాయా, తుప్పు పట్టి వున్నాయా? మెకానికల్ విభాగంలో పాఠం చెప్పేవారు ఎందరున్నారు? నిరుడు చదువు ముగించినవారు ఎక్కడ పనిచేస్తున్నారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాని చోట చేరడం కంటె ఊరుకోవడం మేలు.

ప్రతి డిప్లొమా విద్యార్థీ వెంటనే బి.టెక్. చేయాలన్న నియమం లేదు. ఇల్లు గడవని చోట ముందు కూడు చూసుకోవాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణకు చేరి భృతి పొందవచ్చు. ఉద్యోగం చేస్తున్న డిప్లొమాదారులు పని వేళలకు తగినట్టు బి.టెక్. చదువుకునే తరగతులను నడిపేందుకు సాంకేతిక విద్యామండలి 2023 నుంచి కాలేజీలకు వీలు కల్పించింది. మన జిల్లాల కాలేజీలు ఈ విషయంలో ముందుకు రావాలి.

ప్రభుత్వం చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడిన పనులేమీ కావు. ప్రతి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చివరి ఏడాది విద్యార్థులకు సాయంత్రం వేళ ఈసెట్ తరగతులు నడపాలి. కౌన్సెలింగ్‌ను రెండో సంవత్సరం తరగతులు మొదలయ్యే లోపుగా ముగించాలి. లాటరల్ ఎంట్రీలో చేరినవారికి ప్రతి కాలేజీ విధిగా లెక్కల తరగతులు నిర్వహించేటట్టు విశ్వవిద్యాలయాలు చూడాలి. హైస్కూలు హెడ్మాస్టర్లు పదో తరగతి ముగియకముందే తల్లిదండ్రులను పిలిచి, డిప్లొమాలో తీసుకున్న బ్రాంచిని బట్టే రేపు బి.టెక్. బ్రాంచి కూడా వుంటుందని చెప్పాలి.

పిల్లవాణ్ణి ఏ దారిన పంపాలో తేల్చుకోవలసింది తల్లిదండ్రులే. కాని పక్కింటివాడు ఇంటర్‌లో చేరాడని అప్పు తెచ్చి మరీ అదే దారి పట్టించడం తెలివైన పని కాదు. యంత్రం విప్పి చూడాలన్న ఆసక్తి వున్న పిల్లవాడికి పాలిటెక్నిక్ చిన్న చదువు కాదు. ఇంజనీరు కావడానికి అదీ రాజమార్గమే.