మన గోడ దాటితే మనది కాదా?

నలుగురు తెలుగువాళ్ళం ఒకచోట కలిస్తే స్వదేశంలో మురుగుకాలువలను తిట్టకుండా లేవం. మునిసిపాలిటీని తిడతాం, పంచాయతీని తిడతాం. బాగానే ఉంది. మరి ఇక్కడ సముద్రం ఒడ్డున ఇళ్ళు కొనుక్కున్న మనలో కొందరు, వీధికి మురుగు గొట్టాలు వద్దనే అర్జీ మీద సంతకాలు ఎందుకు చేస్తున్నట్లు? "మా సెప్టిక్ ట్యాంకు ఇరవై ఏళ్ళుగా చక్కగా పనిచేస్తోందండీ, వేల డాలర్లు ఎందుకు తగలెయ్యాలి?" అని వారి వాదం.

ట్యాంకు "చక్కగా పనిచేయడం" అంటే ఏమిటి? మడ్డి అడుగున చేరుతుంది. పైనీరు నేలలోకి ఇంకుతుంది. అందులోని అమ్మోనియా, గాలి ఆడే ఇసుకలో నైట్రేటుగా మారుతుంది. దాన్ని ఇసుక పట్టి ఉంచలేదు. అది నేరుగా భూగర్భజలంలో కలుస్తుంది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. ఆ నీటితో పాలపొడి కలిపి పడితే, ఆరు నెలల లోపు పసిబిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేక పెదవులు నీలంగా మారవచ్చు. తాగునీటిలో నైట్రేటు రూపంలోని నైట్రోజన్ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటరాదని ఈ దేశంలో హద్దు పెట్టింది అందుకే. వైద్యులమైన మాకు ఇది పాఠ్యపుస్తకం మాట. ఇంటివారికి మాత్రం ట్యాంకు పొంగనంత కాలం అంతా క్షేమమే!

కాలిఫోర్నియాలో లాస్ ఓసోస్ అనే ఊరి కథ వినండి. మోరో బే ఒడ్డున, పాత ఇసుకదిబ్బల మీద వెలసిన చిన్న ఊరు. తాగేది కాళ్ళ కింది నీరే. వేలాది ట్యాంకుల మురుగు ఇంకేదీ అందులోకే. 1983లో అక్కడి నీటి నాణ్యతా మండలి ఇక ట్యాంకులు కూడదంది. 1988 నుంచి కొత్త ఇళ్ళు కట్టడం ఆగింది. అయినా జగడం ఆగలేదు. ఎక్కడ కట్టాలి, ఎవరు ఇవ్వాలి? 2005లో పని మొదలయ్యాక ఓటర్లు పాలకులను దింపేశారు. పని నిలిచింది. 2006లో స్థానిక పాలక సంస్థ దివాలా తీసింది. చివరకు కౌంటీ చేపట్టి ఊరి వెలుపల కట్టిన శుద్ధి కేంద్రం 2016లో నడిచింది. 33 ఏళ్ళు! ఖర్చు 17 కోట్ల డాలర్లు దాటింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అడ్డుకున్నవారు ఆదా చేసిందేమిటి?

ఖర్చు భారం నిజమే. పింఛను మీద బతికే ముసలి దంపతులకు నెలనెలా ఆ బిల్లు కట్టడం కష్టం. వారికి రాయితీ ఇమ్మని అడుగుదాం, వాయిదాలు పెట్టించుదాం. శుద్ధి కేంద్రం ఊరి నడుమ వద్దనడంలోనూ న్యాయం ఉండవచ్చు. కానీ రెండు కార్లున్న మనం ఆ ముసలివారి పేరు చెప్పుకుని తప్పించుకోవడం న్యాయమేనా?

శుద్ధి కేంద్రంలో సూక్ష్మజీవులు నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. బాగుచేసిన నీటిని పొలాలకు పెట్టవచ్చు, తిరిగి భూమిలోకి ఇంకించవచ్చు. ఉప్పునీరు చొచ్చుకువచ్చే తీరప్రాంతానికి అంతకన్నా కావలసిందేమిటి?

సొంత ఊళ్ళలో మంచినీటి పథకాలకు ఇక్కడ చందాలు పోగుచేస్తున్నాం. సంతోషం. కాని ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సంతకం చేసినవారు వెనక్కు తీసుకోండి. ఊరి సభకు రండి. మన గోడ దాటిన నీరు పక్కింటి బిడ్డ పాలసీసాలోకే చేరుతోందని అక్కడ నిలబడి చెబుదాం.