కొలతలు బయట పెట్టండి

కరీంనగర్ కాలనీల్లో ఇంటి మీద సెల్ టవర్ లేస్తే చాలు, ఆ వాడలో ఎవరి కాళ్లకు తిమ్మిర్లు పట్టినా నేరం దాని మీదే పడుతోంది. టవర్ వల్ల నరాలు చచ్చుబడతాయన్న మాటకు ఇప్పటిదాకా ఆధారం లేదు. ఈ సంగతి గట్టిగా చెప్పాల్సిందే.

సూక్ష్మతరంగాలు నరాల జోలికి అసలే పోవని కాదు. రాడార్ తరహా తీవ్రమైన పల్స్‌లు తల మీద పడితే మనిషికి టిక్కుటిక్కుమనే చప్పుడు వినిపిస్తుందని అమెరికా శాస్త్రవేత్త అలన్ ఫ్రే 1960ల తొలినాళ్లలోనే చూపారు. తల లోపలి కణజాలం లిప్తపాటు వేడెక్కి వ్యాకోచించడమే అందుకు కారణమని తర్వాత తేలింది. అంటే ముప్పు మోతాదుతో ముడిపడింది. మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు దించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లున్నది 0.45 అయింది. తలకు ఎక్కువగా అందేది చెవికి ఆనించిన ఫోన్ నుంచే. సిగ్నల్ అందకపోతే అది ఇంకా ఎక్కువ శక్తి వెదజల్లుతుంది. టవర్ పీకించిన కాలనీకి దక్కేది అదే.

2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అన్న జాబితాలో చేర్చింది. కనుక పరిశోధన ఆగకూడదు.

కానీ భయం చేస్తున్న చేటు ఇప్పుడే కనిపిస్తోంది. షుగర్ ముదిరి పాదాల్లో స్పర్శ పోతున్న మనిషి టవర్‌ను తిడుతూ, ఆర్‌ఎంపీ దగ్గర నరాల సూది వేయించుకుంటూ కాలం గడిపితే, పుండు పడ్డాక గానీ పెద్దాసుపత్రికి చేరడు. తిమ్మిర్లు తెచ్చే షుగర్, బీ12 లోపం రెండూ రక్తపరీక్షలో తేలేవే. ఇక రేడియేషన్ ఆపుతుందంటూ ఫోన్ వెనక అంటించే స్టిక్కర్లు అమ్మడం పచ్చి మోసం.

అలాగని ప్రజలను మూఢులని ఈసడించే హక్కు అధికారులకూ కంపెనీలకూ లేదు. పక్కింటికి మాటైనా చెప్పకుండా టవర్ లేపి, అడిగితే అనుమతులున్నాయని గేటు మూస్తే అనుమానం పుట్టదా? టెలికాం శాఖ 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ వెబ్‌సైట్‌లో 4,000 రూపాయలు కడితే టవర్ దగ్గర కొలిచి చెబుతారు. బీడీలు చుట్టి బతికే ఆడపడుచు ఆ సొమ్ము ఎక్కడి నుంచి తేవాలి? తన గోడ పక్కన ఏముందో తెలుసుకోవడానికి ఆమె చేత డబ్బు కట్టించడం అన్యాయం. ప్రతి టవర్ కింద కొలత, కొలిచిన తేదీ తెలుగులో రాసిన బోర్డు పెట్టించాలి. వాడ జనం అడిగితే పరీక్ష ఖర్చు కంపెనీ నుంచే రాబట్టాలి. జిల్లా టెలికాం కమిటీ తన తదుపరి సమావేశంలోనే ఈ ఆదేశం ఇవ్వాలి.