వృద్ధాప్యమునందు ఆరోగ్యము – వ్యాపకము

శతాయుష్మంతులు కండని పెద్దలు పిన్నలను దీవించుట మన దేశాచారము. ఆ దీవెన ఫలించిన పిదప, లభించిన యేండ్లను ఏ రీతిని గడపవలయునో చెప్పువారు మాత్రము అరుదు. 1947 లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన కాలమున భారతీయుల సగటు ఆయుర్దాయము సుమారు 32 సంవత్సరములు. నేడది సుమారు 70 సంవత్సరములు. శిశుమరణములు తగ్గుటయు, మశూచి వంటి మహమ్మారులు అంతరించుటయు ఇందులకు కారణములు. నేడు పెక్కు గృహములయందు తాతయో అవ్వయో కలరు. కావున వృద్ధుల యారోగ్యము వైద్యులకు మాత్రమే విడిచిపెట్టదగిన విషయము కాదు. ప్రతి కుటుంబమును ఆలోచింపవలసినది.

మన ఇబ్రహీంపట్నము సంగతినే చూతము. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేర వెలసిన ఈ ఊరికి పెద్దచెరువే ప్రాణము. చెరువు క్రింద వరిమళ్లు, మెట్టను జొన్న, కంది, ఆముదము పండించిన మన పూర్వులకు వ్యాయామమను మాటతో పనిలేదు. తెల్లవారకముందే పొలమునకు నడచుట, పసులకు మేత వేయుట, కలుపు తీయుట, చేటతో గింజలు చెరుగుట, ఇవియే వారి వ్యాయామము. డెబ్బది యేండ్ల వృద్ధునకును తన శక్తికి తగిన పని యొకటి యుండెడిది.

ఇప్పుడు బాహ్యవలయ రహదారి మన సమీపమునుండి పోవుచున్నది. ఆదిబట్లయందు విమానభాగముల కర్మాగారములును, కంప్యూటరు సంస్థల కార్యాలయములును వెలసినవి. పొలములు ఇండ్ల స్థలములగుచున్నవి. ఇది బిడ్డల కుద్యోగములు నొసగినది. మేము దీనిని నిందింపము. కాని పొలము విక్రయించిన నాడే ఇంటి పెద్ద తన పనినిగూడ విక్రయించినవాడయ్యెనని ఎవరును గమనింపరైరి. అరువది యేండ్లు మట్టితో మెలగిన దేహము అరుగుమీదనో, టెలివిజను ఎదుటనో కదలక కూర్చున్నది. కూర్చుండి తిన్న కొండలైన తరుగునను సామెత ధనమునకే గాక కండబలమునకును వర్తించును.

కుమారులు, కోడండ్రు ప్రేమచేతనే "తాతా, నీకెందుకీ పని? కూర్చో" యని, "అవ్వా, నువ్వు లేవకు, నేను తెస్త" యని అందురు. అది గౌరవమని వారి తలంపు. మా యభిప్రాయములో ఇది ప్రేమచే వేసిన సంకెల. నడివయస్సు దాటిన పిదప కండరములు క్రమముగా క్షీణించును. అరువది దాటిన పిమ్మట ఆ క్షయము వేగమగును. కదలక యుండినచో మరింత వేగమగును. ఎముకలకు బరువు తగులకున్న బలము తగ్గును. కాలిపట్టు తప్పి స్నానపుగదిలో పడిన పెద్దలు తుంటి విరిగి మంచము పట్టుట మన మెరిగినదే. ప్రపంచమునందు ప్రమాదమరణములకు కారణములలో పడిపోవుట రెండవదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఆ సంస్థయే 2020 లో ప్రకటించిన సూచనల ప్రకారము, అరువదియైదేండ్లు దాటినవారు వారమునకు కనీసము 150 నిమిషములు మితమైన శ్రమ చేయవలెను. వారమునకు మూడు దినములైనను కాళ్ల పట్టును, కండబలమును పెంచు పనులు చేయవలెను. దినమునకు అర్ధగంట చొప్పున అయిదు దినములు చెరువుకట్టపై వడిగా నడచిన మొదటిది తీరును. చేయూత లేక కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండుట రెండవదానికి ఆరంభము. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు.

"ఏబది యేండ్లు నాట్లు వేసి నడుము వంగిన అవ్వకు ఇంకను శ్రమయేనా?" యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. ఆకలిచే చేసిన కూలికిని, ఆరోగ్యమునకై చేయు కదలికకును భేదము కలదు. మొదటిదానినుండి ఆమెకు విశ్రాంతి కలుగవలసినదే. రెండవది ఆమెకు ఔషధము. మోకాళ్లు అరిగినవారును, హృద్రోగులును వైద్యుని యడిగి తమకు తగినంతయే చేయవలెను.

మరియొక సంగతి. పొరుగుననున్న నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతమున భూగర్భజలమునందలి ఫ్లోరైడుచే నడుము వంగి, కీళ్లు బిగిసినవారి బాధ లోకవిదితము. వారి వార్ధక్యము చిన్ననాడు త్రాగిన నీటియందే నిర్ణయింపబడినది. ముదిమి యారోగ్యమునకు బాల్యమే పునాదియని ఇంతకంటె నిదర్శన మేల? బాలబాలికలారా, నేటి మీ నీరు, మీ జొన్నరొట్టె, రాగిజావ, మీ ఆట రేపటి మీ నడుము, మీ మోకాళ్లు అగును.

దేహమునకు నడక యెట్లో మనస్సునకు వ్యాపకమట్లు. 1861 లో జనించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, 1908 మూసీ వరదల పిదప హైదరాబాదు రక్షణకు పథకము రచించిన మహనీయుడు, తన తొంబదవ యేట 1951 లో తమ యుద్యోగజీవిత స్మృతులను ప్రకటించిరి. 1929 లో జనించిన ఆచార్య చిలుకూరి శాంతమ్మగారు 1989 లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునుండి విరమించియు, తొంబది దాటిన పిదప ఊతకర్రల సాయమున విజయనగరమునకు పోయి భౌతికశాస్త్రము బోధించిరి. ఖమ్మము జిల్లా రెడ్డిపల్లి వాసి, 2017 లో పద్మశ్రీ నందిన వనజీవి రామయ్యగారు 2025 లో మరణించువరకు మొక్కలు నాటుటయే వ్రతముగా జీవించిరి. అందరును ఇట్టివారు కాజాలరు. కాని మరునాటి ఉదయము తనకై యొక పని వేచియున్నదను నమ్మిక ఎల్లరకును ఈయదగినదే.

తల్లిదండ్రుల పోషణకై 2007 లో చట్టము వచ్చినది. చట్టము అన్నమిప్పింపగలదు గాని పని యిప్పింపజాలదు. కావున గృహస్థులారా, మీ పెద్దలకు పెరటిలో రెండు పాదుల తీగలనైన విడిచిపెట్టుడు. స్నానపుగదిలో పట్టుకొనుటకు కమ్మి యొకటి బిగింపుడు. కంటిశుక్లములను పరీక్ష చేయింపుడు. ఊరగాయ యుప్పు తగ్గింపుడు. ఉపాధ్యాయులారా, పాఠశాల తోటకు వారమున కొకనాడు తాతలను పిలిచి విత్తు పెట్టు విధము బాలురకు నేర్పుడని కోరుడు. విద్యార్థులారా, సాయంకాలము సెల్‌ఫోను పక్కన బెట్టి తాత చేయి పట్టుకొని చెరువుకట్టవరకు నడువుడు. మీరు నెమ్మదిగా నడచుట, వారు కొంచెము వడిగా నడచుట, ఇందులో ఇరువురకును మేలు కలదు.