గేరు తగ్గించాలా, బ్రేకు తొక్కాలా?

మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర రెండు పార్టీలున్నాయి. రాజకీయ పార్టీలు కావు లెండి, అంతకంటే మొండివి. మొదటి పార్టీ వాళ్ళు కారు స్లో చెయ్యాలంటే గేర్లు తగ్గించుకుంటూ రావాలంటారు. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు... బ్రేకు అనేది డ్రైవింగ్ చేతకానివాడు తొక్కేదిట. రెండో పార్టీ వాళ్ళు బ్రేకులిచ్చిందే ఆపడానికి, గేర్లిచ్చిందే పోవడానికి, దీనికింత చర్చ ఎందుకంటారు. మూడో వర్గం ఒకటుంది. వీళ్ళు చర్చలో నోరు మెదపరు గానీ, రోడ్డు మీద వాలు కనబడగానే చప్పుడు చెయ్యకుండా న్యూట్రల్లోకి తోసేస్తారు, పెట్రోలు ఆదా అని.

నేను కారు కొన్నప్పట్నుంచీ రెండో పార్టీనే. అప్పుడప్పుడు మూడో వర్గంలోకి ఫిరాయిస్తుండేవాణ్ణి. 2016 వేసవిలో తిరుమల నుంచి దిగుతుంటే పార్టీ మారాల్సి వచ్చింది. అయితే పూర్తిగా మారలేదు. ఎందుకు మారానో, ఎంతవరకు మారానో అదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నాకు డ్రైవింగ్ నేర్పిన స్కూలు మియాపూర్ దగ్గర. ఇరవై రోజుల కోర్సు. అందులో పదిహేను రోజులు రెండో గేరు దాటనివ్వలేదు. బ్రేకు గురించి ఆయన చెప్పింది ఒక్కటే మాట, "సార్, బ్రేకు తొక్కితే క్లచ్ కూడా తొక్కాలె, లేకుంటే బండి బందైతది". అదే మంత్రంగా పదేళ్ళు పాటించాను. బ్రేకు తొక్కేముందే క్లచ్ తొక్కేస్తే ఇంజినుకీ చక్రాలకీ సంబంధం తెగిపోతుందనీ, అంటే న్యూట్రల్లో పోతున్నట్టేననీ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదనుకోండి. మియాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఘాట్ రోడ్డు లేదు కదా.

సరే, అసలు సంగతికొస్తాను. చిన్న హ్యాచ్‌బ్యాక్. ముందు నేనూ, పక్కన మా మేనమామ. వెనక అమ్మ, నాన్న, మా ఆవిడ, ఒళ్ళో పాప. డిక్కీ నిండా సామాను, పైన లడ్డూల సంచి. మావయ్య ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. పక్క సీట్లో కూచున్నా ఒక్క సలహా ఇవ్వడు. అల్లుడు ఇంజనీరు, వాడికి తెలీదా అని ఆయన నమ్మకం.

తిరుమలకి రెండు ఘాట్ రోడ్లున్నాయని మీకు తెలిసిందే. 1944లో వేసిన పాతది ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. దిగేది దాదాపు పందొమ్మిది కిలోమీటర్లు. నేను మూడో గేరులో పెట్టి, బ్రేకు మీద కాలేసి ఉంచి, హాయిగా దిగుతున్నాను. వాలు బాగున్న చోట న్యూట్రల్ కూడా చేశాను, అబద్ధమెందుకు.

సగం దిగాక అమ్మ అంది, "ఏదో రబ్బరు కాలిన వాసనొస్తోందిరా" అని. ముందు పోయే బస్సుదేలే అన్నాను. ఇంకో రెండు మలుపులు తిరిగాక బ్రేకు తొక్కితే పెడల్ ఎప్పుడూ ఆగే చోట ఆగకుండా ఇంకాస్త లోపలికి దిగింది. బండి ఆగింది గానీ, ఆగిన పద్ధతి వేరు. మెత్తగా, దూదిలో కాలు పెట్టినట్టు. నా మొహం చూసి మావయ్య మొదటిసారి నోరు విప్పాడు.

"ఏ గేరులో ఉన్నావు అల్లుడూ?"

"మూడు."

"రెండులోకి మార్చు. మార్చి, కాసేపు బ్రేకు మీద కాలు తీసెయ్."

కాలు తీసెయ్యడమంటే ఏంటి, కొండ మీద! అయినా చేశాను. ఇంజిను ఒక్కసారిగా గోలపెట్టింది. మీటరు మూడు వేల దాకా పోయింది. ఇంజిను పగిలిపోతుందేమో అన్నాను. "అరవనీ. అరుస్తోంది ఇంజినే కదా, మనం కాదుగా" అన్నాడాయన. బండి మాత్రం ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు నెమ్మదించింది. రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్న చోట పక్కకి తీయించాడు. చక్రాల దగ్గరికి వెళ్తే పొయ్యి దగ్గరికి వెళ్ళినట్టుంది. నేను నీళ్ళ సీసా తీసి చక్రం మీద పొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు, డిస్కు వంకరపోతుందని. అరగంట అక్కడే కూచున్నాం. మిగతా కొండంతా రెండో గేరులో, అవసరమైన చోట బ్రేకు తొక్కి వదులుతూ దిగాం.

హైదరాబాదొచ్చాక నాకు నిద్రపట్టలేదు. భయంతో కాదు (సరే, కొంచెం భయంతోనే), లెక్క తేలక. కాగితం తీసుకుని కూచున్నాను.

మనుషులతో, సామానుతో కలిపి కారు బరువు 1300 కిలోలు అనుకుందాం. కింద నుంచి పైకి ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. బరువు, ఎత్తు, గురుత్వాకర్షణ గుణిస్తే దగ్గర దగ్గర 90 లక్షల జౌళ్ళు. ఇది చాలామందికి అంకె మాత్రమే. ఇలా చెప్తే అర్థమవుతుంది: అంత వేడితో ముప్ఫై లీటర్ల నీళ్ళు మరిగించొచ్చు. టైర్ల రాపిడికీ, గాలికీ మూడో వంతు పైచిలుకు పోయినా, ఇంకా పెద్ద బిందెడు నీళ్ళు మరిగేంత వేడి మిగిలే ఉంటుంది. కిందికి దిగేలోపు ఆ వేడంతా ఎక్కడో ఒకచోటికి పోవాలి. నేను దాన్ని తెచ్చి నాలుగు చక్రాల దగ్గరున్న నాలుగు చిన్న ముక్కల మీద పోశాను.

ఇప్పుడు ఇదే కారు చదును రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే పుట్టే వేడి ఎంత? ఒక లక్షా ఎనభై వేల జౌళ్ళు. అంటే తిరుమల దిగడం, ఊపిరి తీసుకోనివ్వకుండా 60 నుంచి సున్నాకి ఓ ముప్ఫై సార్లు ఆపడంతో సమానం. పైగా ముప్ఫై స్పీడులో పోతుంటే చల్లబరచడానికి సరైన గాలి కూడా తగలదు.

మా ఆఫీసు పార్టీలు రెండూ తప్పు చేసేది ఇక్కడే అని నాకు అప్పుడు వెలిగింది. ఆపడం వేరు, పట్టి ఉంచడం వేరు. సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తికి ఒక లెక్కుంది, అది అయిపోతే పని అయిపోయినట్టే. కొండ అలా కాదు, మీరు తీసేస్తున్న కొద్దీ అది ఇస్తూనే ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒకటి సెకను పాటు వచ్చే స్పైకు, రెండోది గంటసేపు తగ్గని లోడు. స్పైకుని బ్రేకులు కళ్ళు మూసుకుని తట్టుకుంటాయి. తగ్గని లోడు మొయ్యడానికి వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపే యంత్రం కావాలి. అది మీ కార్లో ఉంది, దానికి రేడియేటరు కూడా ఉంది. అదే ఇంజిను.

ఇంజిను బండిని ఎలా పట్టుకుంటుందంటే, మీరు యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు ఇంజినులో గాలి లోపలికి పోయే దారి మూసుకుపోతుంది. పిస్టన్లు గాలి కోసం పీలుస్తాయి, దొరకదు. ముక్కు మూసుకుని ఊపిరి పీల్చినట్టు. ఆ శ్రమకి, లోపలి రాపిడికి కావలసిన బలమంతా చక్రాల నుంచే రావాలి. గేరు ఎంత తక్కువైతే అదే దూరానికి ఇంజిను అన్ని ఎక్కువసార్లు తిరుగుతుంది, పట్టు అంత పెరుగుతుంది. డీజిల్ ఇంజిన్లలో గాలి దారి అలా మూసుకోదు కాబట్టి పట్టు కొంచెం వేరు. బస్సులకీ లారీలకీ విడిగా ఎగ్జాస్ట్ బ్రేకు పెట్టేది ఆ లోటు తీర్చడానికే.

ఇక న్యూట్రల్ వర్గం సంగతి. వీళ్ళ మీద నాకు ఇప్పుడు కోపం ఎక్కువ, ఎందుకంటే నేనూ అందులో ఉన్నవాణ్ణే. కార్బురేటర్ల కాలంలో, అంటే అంబాసిడర్లు, పద్మినిలు, పాత మారుతీ 800ల రోజుల్లో, ఈ న్యూట్రల్ కిటుకులో ఎంతో కొంత నిజం ఉండేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక కథ తిరగబడింది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే, ఇంజిను ఐడిల్ కంటే వేగంగా తిరుగుతున్నంతసేపూ కంప్యూటర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. ఒక్క చుక్క కూడా పోదు. అదే న్యూట్రల్లో పెడితే ఇంజిను ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పొయ్యక తప్పదు. చిన్న కారుకి ఐడిల్‌లో గంటకి అర లీటరు పైనే తాగుతుంది. నలభై నిమిషాల దిగుడుకి ఓ నలభై రూపాయలేసుకోండి. అంటే ప్రాణం పణంగా పెట్టి మీరు ఆదా చేసింది మైనస్ నలభై రూపాయలు! ఇంకొంతమంది మహానుభావులు ఇంజినే ఆపేస్తారు. ఆపితే బ్రేకుకి బలమిచ్చే బూస్టరు రెండు మూడు తొక్కుళ్ళకే ఖాళీ అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయి. పవర్ స్టీరింగ్ ఉండదు. తాళం పూర్తిగా తిప్పి తీస్తే స్టీరింగే లాక్ అవుతుంది. గేరులో దిగేవాడికి ఎటూ సున్నా పెట్రోలే ఖర్చవుతుంటే, దీనివల్ల మిగిలిందేంటో నాకు అర్థం కాదు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఫ్లైఓవర్ లాంటి సన్నటి వాలులో న్యూట్రల్‌లో బండి ఎక్కువ దూరం దొర్లుతుంది, ఎందుకంటే ఇంజిను లాగి పట్టుకోదు. అది నిజమే. అయితే ఆ లాగి పట్టుకోవడమే కొండ మీద మనకి కావలసింది.

బరువు గురించి కూడా. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. సీట్లకి మించి జనం ఎక్కిన బస్సది. ఆ వార్త చదివిన రోజు నా కాగితం లెక్కలో 1300 చెరిపేసి బస్సు బరువు వేసి చూశాను. మళ్ళీ వెయ్యలేదు.

ఇంతా చదివి నేను మొదటి పార్టీలో చేరిపోయాననుకోకండి. కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర నాలుగు, మూడు, రెండు అని గేర్లు తగ్గించుకుంటూ వచ్చే మిత్రుడితో నాకు ఇప్పటికీ గొడవే. బ్రేకు ప్యాడ్లు అరిగిపోకుండా కాపాడుతున్నాట్ట. అయ్యా, చిన్న కార్లకి ప్యాడ్లు వేలల్లో అడుగున దొరుకుతాయి, చక్రం విప్పి గంటలో మార్చేస్తారు. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, ఖర్చు దానికి ఎన్నో రెట్లు. తక్కువ ఖరీదు వస్తువుని కాపాడ్డానికి ఎక్కువ ఖరీదు వస్తువుని అరగదీసే ఈ పొదుపేమిటో! పైగా గేరుతో స్లో చేస్తే వెనక ఎర్ర లైటు వెలగదు. మన ఊళ్ళో కారు వెనక రెండడుగుల దూరంలో ఎప్పుడూ ఓ బైకు ఉంటుంది, ఆ అబ్బాయి చూసేది ఆ లైటునే. ఇంకోటి, గేరు పట్టు ఇంజిను తిప్పే చక్రాలకే, చాలా కార్లలో ముందు రెండింటికే. బ్రేకు నాలుగింటినీ పట్టుకుంటుంది, ఏబీఎస్ కాపలా కూడా ఉంటుంది. వానాకాలం తడి రోడ్డు మీద రెండో గేరు వేసి క్లచ్ టప్పున వదిలితే ముందు చక్రాలు జారిపోవచ్చు. రేసుల్లో గేర్లు తగ్గిస్తారు కదా అంటాడు మావాడు. వాళ్ళు బండిని ఆపేది బ్రేకులతోనే. గేరు తగ్గించేది మలుపు దాటాక సరైన గేరులో దూసుకుపోవడానికి.

కాబట్టి చదును మీద నేను చేసేది ఇది: యాక్సిలరేటర్ వదులుతాను, గేరు అలాగే ఉంచి బ్రేకు తొక్కుతాను, ఇంజిను ఇక ఆగిపోతుందనిపించినప్పుడు మాత్రమే క్లచ్ తొక్కుతాను. మధ్యలో సిగ్నల్ పచ్చబడితే అప్పటి వేగానికి తగ్గ గేరు వేస్తాను. అంతే. ఎమర్జెన్సీలో ఇవేవీ గుర్తు రావు, రెండూ కలిపి తొక్కేస్తాం, అందులో తప్పేం లేదు.

కొండ మీద, వాలు మొదలవ్వకముందే గేరు తగ్గించాలి. వేగం పట్టుకున్నాక తగ్గించడం కష్టం, వందలో పోతూ రెండో గేరు వేస్తే ఇంజిను పని అయిపోతుంది. ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు అన్నది మావయ్య సూత్రం. దాంట్లో ఇప్పుడో చిన్న లొసుగుంది. ఇప్పటి టర్బో బళ్ళు మూడులో కూడా సులువుగా ఎక్కేస్తాయి, దిగేటప్పుడు అది చాలదు. అందుకని నేను లెక్క మార్చుకున్నాను: బ్రేకు మీద కాలు లేకుండా వేగం పెరుగుతోందంటే ఇంకో గేరు తగ్గాలన్నమాట. తొక్కినప్పుడు గట్టిగా తొక్కి పూర్తిగా వదిలెయ్యాలి, చల్లబడే సందు దానికివ్వాలి.

అన్నట్టు ఆరోజు పెడల్ మెత్తబడ్డానికి ఇంకో కారణం తర్వాత తెలిసింది. బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగని డాట్ 4 ఆయిలు, తేమ పట్టాక 155కే మరగొచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, బుడగల్ని తొక్కితే నొక్కుకుపోతాయి తప్ప ఒత్తిడి చక్రం దాకా పోదు. దూదిలో కాలు పెట్టినట్టుండటం అదే. రెండేళ్ళకోసారి మార్చాలిట. నా బండికి కొన్నప్పట్నుంచీ మార్చలేదు. మెకానిక్ దగ్గరికెళ్ళి మార్చమంటే, "ఎందుకన్నా, తగ్గితే పోద్దాం" అన్నాడు. లేదు, మొత్తం తీసి కొత్తది పొయ్యమన్నాను. విసుక్కుంటూనే తీశాడు. సీసాలోకి వచ్చింది చూస్తే కాఫీ డికాషన్‌లా ఉంది.