ఓడినోడే టేబుల్ డబ్బులు కట్టాలా?

పోస్టు కొంచెం పెద్దది. నోటిఫికేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి కాదు, స్నూకర్ గురించి. "మనకెందుకురా ఈ దొరల ఆట" అనుకోకుండా చివరిదాకా చదవండి. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

నాది పులివెందుల పక్కన తండా. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు రెండేళ్ళు సాయంత్రం పూట ఒక స్నూకర్ పార్లర్‌లో మార్కర్‌గా పని చేసినా. బంతులు పేర్చడం, స్కోరు చెప్పడం, టేబుల్ గుడ్డకు బ్రష్ కొట్టడం, టైము చూసి డబ్బులు వసూలు చేయడం నా పని. మా పార్లర్‌లో ఒక రూలు ఉండేది. గోడ మీద ఎవరూ రాయలేదు కానీ ఆడేటోళ్ళందరికీ తెలుసు: ఓడినోడు టేబుల్ డబ్బులు కట్టాలి.

జమ్మలమడుగు నుంచి ఒక తమ్ముడు వచ్చేటోడు. యానాదుల పిల్లోడు, అప్పుడు ఇంటర్. చెయ్యి చానా కుదురు. ఆ చివర ఉన్న ఎర్ర బంతిని ఈ చివర నుంచి వేస్తే పక్క టేబుల్ వాళ్ళు కూడా ఆట ఆపి చూసేవాళ్ళు. తనకంటే తక్కువ ఆడేవాళ్ళతో ఆడినప్పుడు వానికి ఖర్చు లేదు, ఎట్లాగూ గెలుస్తాడు. కానీ ఆట పెరగాలంటే తనకంటే బాగా ఆడేవాళ్ళతో ఆడాల. వాళ్ళ చేతిలో ఓడాల. ఓడిన ప్రతిసారీ గంట లెక్కన డబ్బులు కట్టాల. వరసగా నాలుగు రోజులు ఓడినాడు. ఐదో రోజు రాలేదు. బస్సు చార్జీకి పెట్టుకున్న డబ్బులు కూడా టేబుల్‌కే కట్టినాడని తర్వాత తెలిసింది. ఆ డబ్బులు వసూలు చేసింది నేనే.

డబ్బున్నోడు ఓడితే ఆట నేర్చుకుంటాడు. లేనోడు ఓడితే ఇంటికి పోతాడు. అప్పట్లో ఇది మా పార్లర్ సంగతే అనుకున్నా. ఫోన్‌లో పెద్ద టోర్నీలు చూడటం, వాటి గురించి చదవడం మొదలుపెట్టినాక అర్థమైంది, ప్రపంచంలో ప్రొఫెషనల్ స్నూకర్ నడిచేది కూడా ఇంచుమించు ఇదే రూలు మీద.

ఎట్లాగో చెప్తా. ప్రొఫెషనల్ టూర్‌లో సుమారు 128 మంది ఉంటారు. కార్డు వస్తే రెండేళ్ళు ఆడొచ్చు. కానీ మామూలుగా విమానం టికెట్, హోటల్, తిండి, ప్రాక్టీసు ఖర్చు అన్నీ ఆటగాడివే. ఏళ్ళ తరబడి చాలా ర్యాంకింగ్ టోర్నీల్లో మొదటి మ్యాచ్ ఓడినోడికి ఒక్క పైసా కూడా రాలేదు. 2022లో కొంచెం మార్పు వచ్చింది. సీజన్‌కు 20,000 పౌండ్లకు తక్కువ కాకుండా ఇస్తామన్నారు. అప్పటి లెక్కలో దాదాపు 19 లక్షల రూపాయలు. వింటే అబ్బో అనిపిస్తుంది. కానీ అది గెలిచిన డబ్బుకు పైన ఇచ్చేది కాదు, గెలిచింది అందులోనే కలిసిపోతుంది. ఇంగ్లండ్‌లో ఇంటి అద్దె కట్టి, చైనా దాకా పోయి ఆడి రావాల్సిన మనిషికి అది ఎన్ని నెలలు వస్తుంది?

అదే సమయంలో పైన చూడండి. ప్రపంచ ఛాంపియన్‌కు 5 లక్షల పౌండ్లు. 2024లో సౌదీలోని రియాద్‌లో ఒక టోర్నీ పెట్టి, 147 పూర్తి చేసినాక బంగారు రంగు బంతి కూడా వేస్తే 5 లక్షల డాలర్లు అన్నారు. పైనోళ్ళకు ఇయ్యొద్దని నేను అనడం లేదు, వాళ్ళ కష్టం వాళ్ళది. ఒక్క బంతికి అంత పెట్టగలిగినోళ్ళు ఓడినోని ట్రైన్ టికెట్‌కు పెట్టలేరా అనేదే నా బాధ.

ఇంకో ప్రమాదం ఉంది. 2023లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో పది మంది చైనా ఆటగాళ్ళకు శిక్ష పడింది. ఇద్దరిని జీవితకాలం బహిష్కరించినారు. వాళ్ళు చేసింది తప్పే. అందులో బాగా సంపాదించినోళ్ళు కూడా ఉన్నారు కాబట్టి పేదరికం వల్లే చేసినారని నేను చెప్పను. కానీ ఓడితే చేతికి ఏమీ రాని ఆటలో, "ఓడు, నేనిస్తా" అనేవాడు వస్తే ఏమవుతుంది? బెట్టింగ్ అంటే ఏందో, అది ఎన్ని ఇళ్ళు కూల్చిందో ప్రొద్దుటూరు వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు.

మన దేశం సంగతికి వద్దాం. ఈ ఆట పుట్టిందే మన దగ్గర. 1875లో జబల్‌పూర్‌లో తెల్ల సైనికాధికారులు మొదలుపెట్టినారని చెప్తారు, రూల్స్ ఊటీ క్లబ్బులో కుదిరినాయి. 2013లో ఢిల్లీలో ఇండియన్ ఓపెన్ పెడితే మన ఆదిత్య మెహతా ఫైనల్ దాకా పోయినాడు. 2016లో హైదరాబాద్, 2017 సెప్టెంబరులో విశాఖపట్నం, 2019లో కొచ్చి. ఆ తర్వాత ఇండియన్ ఓపెన్ ఆగిపోయింది. వైజాగ్‌లో జాన్ హిగ్గిన్స్ గెలిచినప్పుడు నేను ఫోన్‌లోనే చూసినా. పోవాలని ఉండె, చార్జీలు లెక్కేసుకొని మానుకున్నా. ఇంకో విచిత్రం, ఇండియాలో జరిగే టోర్నీకి క్వాలిఫైయింగ్ మ్యాచ్‌లు ఇంగ్లండ్‌లో పెట్టినారు! ఇన్ని ప్రపంచ టైటిళ్ళు గెలిచిన పంకజ్ అద్వానీ కూడా 2012లో ప్రొఫెషనల్ టూర్‌కు పోయి, 2014లో కార్డు వదులుకొని ఇంటికి వచ్చేసినాడు. అంతటోడే ఉండలేకపోతే మన తండా పిల్లోడు యాడుంటాడు?

అందుకే ఒక అభిమానిగా నేను కోరేది ఇది.

1. మొదటి మ్యాచ్ ఓడినోనికి కూడా రానుపోను చార్జీలు, ఉన్నన్ని రోజుల బస ఖర్చు ఇవ్వాల. దాన్ని ప్రైజ్ డబ్బులో కలపకూడదు. పై బహుమతుల్లో నుంచి కొంచెం తీస్తే సరిపోతుంది.

2. టూర్‌లోకి పోయే క్యూ స్కూల్ పోటీలు ఇంగ్లండ్‌లో, ఆసియా వాళ్ళకైతే బ్యాంకాక్‌లో పెడుతున్నారు. ఒకటి మన దేశంలో పెట్టాల. ఎంట్రీ ఫీజు కట్టలేనోళ్ళకు కొన్ని సీట్లు ఉచితంగా ఉంచాల.

3. టోర్నీ పెట్టిన ఊర్లో ఏదో ఒకటి మిగిల్చి పోవాల. ఫుల్ సైజు టేబుల్ లక్షల్లో ఉంటుంది, కానీ ఒక్కటి కొంటే ఏళ్ళ తరబడి పిల్లలు ఆడతారు. వైజాగ్‌కు పాడేరు, అరకు ఎంత దూరం? మళ్ళీ అక్కడ టోర్నీ పెడితే ఆ హాస్టళ్ళ పిల్లలకు ఒక రోజు టికెట్లు ఇచ్చి, ఒక గురుకులంలో రెండు టేబుళ్ళు వేయండి. మా చెల్లెళ్ళు పార్లర్ గడప తొక్కలేరు, ఆ పొగ, ఆ చూపులు మీకు తెలుసు. గురుకులంలో టేబుల్ ఉంటే ఆడతారు. మహిళా ప్రపంచ ఛాంపియన్‌కు టూర్ కార్డు ఇస్తాండారు, మంచి పని. ఆ దారి మన ఆడపిల్లలకు కూడా తెలియాల.

4. పార్లర్లలో పని చేసే మార్కర్లకు రెఫరీగా, కోచ్‌గా శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాల. రూల్స్ అన్నీ మాకు నోటికొచ్చు. మాకు కావాల్సింది దాన్ని ఒప్పుకునే ఒక కాగితం.

"మనకు డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్ ముఖ్యం, ఇదంతా దేనికి?" అని కొందరు అంటారు. నేను కూడా కోచింగ్‌లోనే ఉన్నా, కాదనను. కానీ 2014లో మన లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. వాళ్ళ అమ్మానాన్న సొంత డబ్బులతో పంపలేదు. గురుకులం శిక్షణ ఇచ్చింది, ప్రభుత్వం ఖర్చు పెట్టుకుంది. ఆ ఖర్చు ఎవరూ భరించకపోతే ఆ పిల్లలో అంత దమ్ముందని మనకే తెలిసేది కాదు.

పెద్దోళ్ళు మారేదాకా మనం చేయగలిగింది చిన్నదే. ఈ మూడు ఊర్లలో స్నూకర్ ఆడే మనోళ్ళు కామెంట్‌లో పేరు పెట్టండి. పది మంది అయితే జిల్లా క్రీడాధికారికి, గిరిజన సంక్షేమ శాఖకు ఒక టేబుల్ కోసం అర్జీ రాద్దాం, నేనే రాస్తా. ఇంకోటి, మనలో మనం ఆడేటప్పుడు ఓడినోని మీద వేయొద్దు. చెరి సగం కడదాం.

ఆ తమ్ముడు మొన్న జమ్మలమడుగు బస్టాండులో కనపడినాడు. సెల్ షాపులో పని చేస్తాండాడు. "ఆడతాండావా?" అని అడిగినా. "లేదన్నా, ఓడేంత డబ్బులు లేవు" అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.