అచ్చు కాదు, ముందు రంగు ఇవ్వండి

కృష్ణా జిల్లా పెడనలోని కలంకారీ అద్దకంలో పటిక, జిగురు కలిపి బట్ట మీద అచ్చు వేస్తే అక్కడ ఎరుపు వెంటనే కనపడదు. బట్టను ఉతికి రంగులో కాగబెట్టాకే పటిక పట్టినంత మేరా ఎరుపు తేలుతుంది. ఇనుప తుక్కూ బెల్లమూ ఊరబెట్టి తీసిన కసిమి మాత్రం, ముందే బట్టకు పట్టించిన కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. ఇది చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి తెలుసుకున్న విద్య. దాన్ని చిన్నపిల్లలకు పరిచయం చెయ్యాలనుకోగానే మనం చేసేది దీనికి పూర్తిగా ఎదురు. చెక్కి సిద్ధంగా ఉన్న టేకు అచ్చు చేతికిచ్చి, గీత తప్పకుండా అద్దమంటాం. నలభై కాగితాల మీద ఒకే పువ్వు నలభైసార్లు పడుతుంది. ఆ పువ్వు అచ్చు చెక్కినవారిది. అంగన్‌వాడీ నుంచి రెండో తరగతి దాకా పిల్లలకు రంగూ, అద్దడానికి పనికొచ్చే వస్తువులూ ఇచ్చి వదలాలని నా వాదన.

ఇలాంటి అద్దకం మన ఇళ్లలో ఉన్నదే. కృష్ణాష్టమినాడు పిడికిలిని బియ్యప్పిండి నీళ్లలో ముంచి గడప నుంచి దేవుడి గది దాకా చిన్నికృష్ణుడి అడుగులు వేస్తాం. పిడికిలి అంచు పాదమవుతుంది, వేలికొసతో పెట్టిన చుక్కలు కాలివేళ్లవుతాయి. ఏ చెయ్యి ఏ పాదాన్నిస్తుందో వేసి చూస్తేగాని తెలియదు. బెండకాయను అడ్డంగా కోసి అద్దితే పువ్వు, ఏటవాలుగా కోస్తే సాగిన పువ్వు, నిలువునా చీలిస్తే గింజల వరస. అరటి మట్ట ముక్క గళ్లుగళ్ల నెలవంకనిస్తుంది. రంగు ఎక్కువైతే ఆ గళ్లు పూడిపోతాయి. ఎంత రంగు, ఎంత ఒత్తిడి అన్నది కాగితమే చెబుతుంది. పసుపుతో అద్ది, ఆరాక సబ్బునీళ్లు తగిలిస్తే ఎర్రబడుతుంది. పటికలో జరిగేది వేరే రసాయనమే అయినా, కంటి ముందు రంగు మారడంలోని ఆశ్చర్యం ఒకటే.

కూచిపూడి ఉన్న సీమలో దీనికి ఎదురు మాట వెంటనే వస్తుంది. ఆ నాట్యంలో అడవును గురువు వేసినట్టే వేలసార్లు వేసి నేర్చుకుంటారు. కలంకారీలోనూ రెండో రంగు అచ్చు వెంట్రుకవాసి జరిగితే బట్ట పాడవుతుంది. ఇష్టమొచ్చినట్టు అద్దమనడం విద్యను పలచన చెయ్యడం కాదా అని. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ కట్టుబాటే లేకపోతే ఈ రెండు విద్యలూ మన దాకా వచ్చేవి కావు. కానీ రెండు అచ్చులు ఎందుకు కలవాలో తెలియని చేతిని కలపమంటే భయమే మిగులుతుంది. తను వేసిన ఆకు మీద రెండో రంగు పక్కకు జరిగి, అది తనకే నచ్చక మళ్లీ వేసిన పిల్లకు గురి విలువ తెలుస్తుంది. అలాగని టీచరు కుర్చీలో కూర్చుంటే సరిపోదు. ‘ఇదెందుకు తిరగబడింది? ఇంకో పక్కతో అద్దితే?’ అని అడిగి, జవాబు తాను చెప్పకుండా ఆగాలి. ఇది నిజంగా కష్టమైన పని, దీనికి శిక్షణ కావాలి.

ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. సమయం దొరకదంటారా? 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినవారు చేతిపనిని చదువులో భాగంగానే చూశారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివారి దగ్గర నేర్చుకోమంటోంది. ఇక్కడి పిల్లలకు ఆ రోజుల్లో పెడన కంటే మంచి చోటేముంది? అయితే అప్పటిదాకా ఆగితే ఆలస్యం. ఆరేళ్లప్పుడు పసుపు ఎర్రబడడం చూసిన పిల్ల, అక్కడ కాగులోంచి తీసిన బట్టను చూసి, ఎరుపు పటిక అద్దినచోటే ఎందుకు పట్టిందని తనే అడుగుతుంది.